జవాబు కలవని లెక్క

చిరంజీవి చిన్నికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. వచ్చిన ఇంజనీరింగ్ సీటు వద్దనుకున్నావనీ, లాంగ్‌టర్మ్ కోచింగ్ హాస్టల్‌కు కూడా వెళ్లనన్నావనీ, ఏడాదిపాటు ఇంట్లోనే చదువుకుని మళ్లీ మన ఆంధ్రప్రదేశ్ ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ రాస్తానన్నావనీ చెప్పింది. చెబుతూ ఒకసారి నవ్వింది, ఒకసారి ఏడ్చింది. ఫోను పెట్టేశాక నా పరిస్థితీ అదే. మన ఇంట్లో ఒక ఆడపిల్ల "నాకు కావలసింది ఇది కాదు" అని పెద్దల ఎదుట ఇంత తేటగా చెప్పడం ఇదే మొదలు. ఎంత గర్వపడ్డానో నీకు తెలియదు. కానీ తలుపు మూసుకుని ఒక్కదానివే పుస్తకాల మధ్య కూర్చున్నట్టు కళ్లముందు మెదిలేసరికి ఇక నిద్ర పట్టలేదు. తెల్లవారకుండానే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీకు తెలిసినవన్నీ ముందు చెప్పేస్తాను. పొద్దున్నే లెక్కలు చేయి. తెలుగు అకాడమీ పుస్తకాల్లో సాధించి చూపిన ఉదాహరణ ఒక్కటి కూడా వదలకు. పాత ప్రశ్నపత్రాలు గడియారం ఎదురుగా పెట్టుకుని చేయి. రాత్రి పదకొండు దాటి మేలుకోకు.

పేపరు సంగతి కూడా నీకు కొత్త కాదు. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, అందులో 80 గణితమే. తప్పు జవాబుకు మార్కు కోయరు గనుక ఒక్క ప్రశ్ననూ ఖాళీగా వదిలి రావద్దు. దేశమంతటికీ ఉండే ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష, జేఈఈ మెయిన్ కూడా రాస్తానన్నావట. అక్కడ తప్పు చేస్తే చేతిలో ఉన్న మార్కు పోతుంది. అక్కడి జంకు ఇక్కడికి, ఇక్కడి ధైర్యం అక్కడికి మోసుకుపోకు. ఇక ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కుల వాటా 25 శాతం. అది ఎప్పుడో తేలిపోయింది. దాన్ని తలచుకుని కుమిలిపోవడం నేటితో మానెయ్యి. మిగిలిన 75 శాతం కోసమేగా ఈ ఏడాదంతా.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన మాట. మొన్నటి పరీక్షలో గణితంలో పోయిన మార్కులన్నీ "తొందరలో పోయినవే, వచ్చిన లెక్కలే" అన్నావట మీ అమ్మతో. ఆ మాట ఇంకెప్పుడూ అనకు. ముప్ఫై ఏళ్లుగా జూనియర్ కాలేజీలో పాఠం చెబుతున్నాను, ఆ మాట అనని పిల్లలు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. వచ్చిన లెక్క పోదమ్మా. పోయిందంటే అందులో ఎక్కడో ఒక మెట్టు నీకు రాలేదు. ఆ మెట్టుకు పేరుంటుంది: గుర్తు మార్చడం మరిచిపోయావా, తెరమీది ప్రశ్నను కాగితం మీదికి ఎత్తి రాయడంలో పొరబడ్డావా, ఇచ్చిన అవధి చూసుకోలేదా? "తొందర" అనేది ఆ పేరు చెప్పకుండా తప్పించుకునే మాట.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

నేను ఇంటర్ రెండో సంవత్సరం పూర్తిచేసింది 1987లో. మీ ఈఏపీసెట్‌కు అప్పటి పేరు ఎంసెట్, అది మొదలై అప్పటికి ఏడాదే. తెనాలిలో మాకు దానికంటూ చెప్పేవాళ్లు లేరు. మీ తాతయ్య గుంటూరు వెళ్లినప్పుడు ఎవరో వాడేసిన గైడు ఒకటి కొని తెచ్చారు. అట్ట లేదు, మొదటి పది పేజీలు లేవు. లెక్కలు చేసుకోవడానికి ప్రెస్సులో మిగిలిన, ఒకవైపు ఖాళీ ఉన్న కాగితాలు తెచ్చి, రాత్రి భోజనాలయ్యాక సూదీ దారంతో పుస్తకంలా కుట్టి ఇచ్చేవారు. వేసవిలో ఆ కాగితం చెమటకు చేతికి అంటుకుపోయేది. రోజుకు ముప్ఫై లెక్కలు చేసేదాన్ని, చేసినవన్నీ వెనక పేజీల జవాబులతో సరిచూసుకునేదాన్ని.

ఒకరోజు నా జవాబు గైడులోని జవాబుతో కలవలేదు. మూడుసార్లు చేసినా నాదే ఒప్పనిపించింది. భయపడుతూనే మా లెక్చరర్‌గారికి చూపించాను. ఆయన చేసి చూసి, "నువ్వే రైటు, అచ్చుతప్పు" అన్నారు. నాలుగు రోజుల తర్వాత ఇంకొకటి, అదీ అచ్చుతప్పే. ఎనభైమంది ఉన్న క్లాసులో ఆడపిల్లలం నలుగురం. ఆ రెండోసారి ఆయన నా పేరు చెప్పి, పుస్తకంలో తప్పు పట్టిందని అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు నెత్తికెక్కింది.

మూడోసారి జవాబు కలవనిది త్రికోణమితిలో. సైన్ 2థీటా = సైన్ థీటా, 0 నుంచి 360 డిగ్రీల వరకు, ఆ రెండు కొసలూ కలిపి, ఎన్ని సాధనలు? ఎడమవైపు 2 సైన్ థీటా కాస్ థీటా అని రాశాను. రెండువైపులా ఉన్న సైన్ థీటాను కొట్టేశాను. కాస్ థీటా = 1/2 మిగిలింది. 60 డిగ్రీలు, 300 డిగ్రీలు. జవాబు రెండు. గైడులో ఐదు అని ఉంది. ఈసారి తిరిగి చేయలేదు. పక్కన పెన్సిలుతో "అ.త." అని రాసి పేజీ తిప్పేశాను. అచ్చుతప్పు అని.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి కొంచెం అనుమానం కలిగింది. మర్నాడు గైడు పట్టుకుని స్టాఫ్ రూము గుమ్మం దాకా వెళ్లాను. లోపల మా క్లాసు మగపిల్లలు ఇద్దరు ఆయనతో మాట్లాడుతున్నారు. పుస్తకంలో తప్పులు పట్టే పిల్ల, ఇప్పుడు తనే తప్పు చేసిందని వాళ్ల ముందు తేలితే? వెనక్కి వచ్చేశాను.

ఎంసెట్ పరీక్ష గుంటూరులో. అదే తరహా లెక్క వచ్చింది, కుడివైపు సైన్ బదులు కాస్, అంతే తేడా. చూడగానే ప్రాణం లేచి వచ్చింది. కొట్టేశాను, రెండు అని వచ్చింది, ఇచ్చిన నాలుగు జవాబుల్లో రెండు కూడా ఉంది. అనుమానం ఎందుకొస్తుంది? మనం చేసే తప్పును ముందే ఊహించి దాని జవాబును కూడా అక్కడ పెడతారని అప్పుడు నాకు తెలియదు. తిరుగు రైల్లో పక్క సీటు అబ్బాయి ఎవరితోనో అంటున్నాడు: "సున్నా కాగలిగినదాన్ని ఎలా కొట్టేస్తార్రా? సున్నాతో భాగించినట్టే కదా!" నా ఒళ్లు చల్లబడిపోయింది. సైన్ థీటా సున్నా అయ్యే చోట్లు 0, 180, 360. ఆ మూడు, నా రెండు, మొత్తం ఐదు. గైడు సరిగ్గానే చెప్పింది.

ఇంటికి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా గైడు తెరిచాను. "అ.త." అని రాసినవన్నీ వెతికాను. పదకొండు ఉన్నాయి. వారం పాటు కూర్చుని ఒక్కొక్కటే చేశాను. మా లెక్చరర్‌గారు చూసిన ఆ రెండే నిజంగా అచ్చుతప్పులు. మిగిలిన తొమ్మిదీ నావే. ఇంజనీరింగ్ సీటు రాలేదు, బీఎస్సీలో చేరాను. ఆ ఒక్క లెక్క వల్లే సీటు పోయిందని అనను. తొమ్మిది చోట్ల గైడు చేయి పట్టుకుని ఆపితే, తొమ్మిదిసార్లూ విదిలించుకుని పోయాను. నాకు బాధ అదీ.

అందుకే చెబుతున్నాను చిన్నీ, జవాబు కలిసిన లెక్క నీకు వచ్చినదాన్నే మళ్లీ చేయించింది. కలవనిది కొత్తది నేర్పడానికి వచ్చింది. అక్కడే కూర్చో. మొదట ప్రశ్నను సరిగ్గా ఎత్తి రాశావో లేదో చూడు. తర్వాత పాత కాగితం బోర్లించి, కొత్త కాగితం మీద మొదటి నుంచి చేయి. పాతది పక్కన ఉంటే కన్ను అదే దారిలో పోతుంది, అదే గుంటలో పడుతుంది. అప్పటికీ కలవకపోతే వాళ్ల జవాబునే పట్టుకుని వెనక్కి నడువు. నాకు రెండొచ్చాయి, వాళ్లకు ఐదు, ఆ మూడు ఎక్కడివి? ఆ ప్రశ్న ఒక్కటి వేసుకుని ఉంటే ఆ రోజే పది నిమిషాల్లో నాకు దొరికేది. ఇంకా అంతు చిక్కకపోతే సాధన తెరిచి, మొదటి పంక్తి మాత్రం కనబడేలా మిగతాదంతా కాగితంతో మూసి చదువు. ఎక్కడ దారి తప్పావో తెలిశాక ఆ ఒక్క వాక్యం వేరే నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకో. వారం తర్వాత అదే లెక్క ఏమీ చూడకుండా చేయి. గణితంలో జవాబునూ సాధన అంటాం, రోజూ చేసే అభ్యాసాన్నీ సాధన అంటాం. పిల్లలకు ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ ఆ గైడే గుర్తొస్తుంది.

ఇలా చేస్తే రోజుకు ముప్ఫై లెక్కలు కావు, కొన్ని రోజులు ఎనిమిదే అవుతాయి. బెంగపడకు. వేగం డిసెంబరు నుంచి చూసుకుందాం.

షార్ట్‌కట్ల మాట కూడా చెప్పాలి. నేను వాటికి శత్రువును కాను, పరీక్షలో సమయం మిగిల్చేవి అవే. త్రిభుజాల లెక్కల్లో సమబాహు త్రిభుజం అనుకుని విలువలు వేసి చూస్తారు కదా. కాస్ ఏ + కాస్ బి + కాస్ సి విలువ ఎంత అని అడిగారనుకో. సమబాహు త్రిభుజంలో 3/2 వస్తుంది. కానీ అంతరవృత్త వ్యాసార్ధాన్ని పరివృత్త వ్యాసార్ధంతో భాగిస్తే అక్కడ 1/2 గనుక, దానికి "ఒకటి కలిపితే" అన్న జవాబూ 3/2 అవుతుంది, "మూడు రెట్లు" అన్న జవాబూ 3/2 అవుతుంది. ఏది గుర్తిస్తావు? 45, 45, 90 త్రిభుజం కూడా వేసి చూస్తే మొదటిదే నిలుస్తుంది. ఆ సూత్రం ఎలా వచ్చిందో ఒక్కసారైనా చేతితో రాబట్టినవాళ్లకు ఆ రెండో త్రిభుజం అవసరమే రాదు. ముందు దారి తెలుసుకో, ఆ తర్వాత అడ్డదారి.

ఫోనులో ఎవరో లెక్క చేస్తుంటే చూస్తూ కూర్చోవడం నాకు నచ్చదు. చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది. వాళ్లు ప్రశ్న చదవగానే ఆపి, నువ్వు చేసి, ఆ తర్వాత చూడు. పరీక్ష కంప్యూటర్ మీదే కనుక వారానికి ఒక్కరోజైనా తెరమీద ప్రశ్న చూసి కాగితం మీద చేసే అలవాటు పెట్టుకో. తల ఎత్తి దించే ఆ క్షణంలో మైనస్ గుర్తు జారిపోతుంది.

నా అసలు భయం ఇంకా చెప్పలేదు. నీ తెలివి మీద నాకు దిగులు లేదు. నువ్వు నోరు మూసుకుంటావేమోనని దిగులు. పోయినసారి ఫలితాలు వచ్చినప్పుడు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. క్లాసులో అల్లరి చేసేవాళ్ల గురించి నేనెప్పుడూ బెంగపడలేదు, అడగడం మానేసిన పిల్ల కనబడితే మాత్రం ఇంటికి వచ్చాక కూడా నాకు మనసు మనసులో ఉండదు. ఆ స్టాఫ్ రూము గుమ్మంలో నేను నిలబడిపోయినట్టు నువ్వు నిలబడకూడదు తల్లీ. తెలియదని చెప్పడానికి ఇంట్లో నీకు మగపిల్లల గుంపు అడ్డం లేదు, నవ్వేవాళ్లు లేరు. రాత్రి భోజనం అందరితో కూర్చుని చెయ్యి. కంచం గదిలోకి తెచ్చుకోకు. బంధువులు ఎవరైనా "ఏడాది ఖాళీయేనా" అంటే నా ఫోను నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను.

మీ తాతయ్య కుట్టిన పుస్తకాల్లో ఒకటి నా పెట్టెలో ఇంకా ఉంది. సగం ఖాళీ కాగితాలే. దాన్ని పోస్టులో పంపుతున్నాను. దారం మెత్తబడింది, జాగ్రత్తగా తిప్పు. జవాబు కలవని లెక్కలు రాసుకోవడానికి మాత్రమే వాడు.

ఆదివారం పొద్దున పది గంటలకు కాలేజీ పని ఏదీ పెట్టుకోను. ఫోను చెయ్యి. ఆ వారం నీకు వచ్చినవి నాకు చెప్పనక్కర్లేదు, కలవనివి మూడు ముందు పెట్టుకుని కూర్చో. నేనూ కాగితం, పెన్సిలు పెట్టుకుని కూర్చుంటాను.

నీ
పెద్దమ్మ