మా అమ్మాయి మాటకు కంపెనీ వాళ్లు వెల కట్టారు, ఒప్పుకోమంటారా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. మా అమ్మ ఇప్పటికీ ఖాదీ నూలు వడుకుతుంది. మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. ఏడాదికి పైగా ఫోనుతో వీడియోలు తీసి యూట్యూబులో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతోంది. నాయనమ్మ పని, ఊరి సంత, కాలేజీ కబుర్లు, మధ్యమధ్యలో డాన్సు రీల్స్. ఇరవై వేల మందికి పైగా చూస్తున్నారట. ఈ మధ్య ముఖం తెల్లబడే క్రీము అమ్మే కంపెనీ ఒకటి, డబ్బు గెలిపిస్తామనే ఆటల యాప్ వాళ్లు ఒకరు ఆమెను సంప్రదించారు. తాను వాడి బాగుపడ్డానని చెబితే క్రీము వాళ్లు పదిహేను వేలు, యాప్ వాళ్లు ముప్పై వేలు ఇస్తారట. మా ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. డిగ్రీ మానేసి ఇదే పని చేస్తానంటోంది. చదువుకుని ఎవరూ పైకి రాలేదని చెప్పే ఒకాయన వీడియోలు మాకు చూపిస్తోంది. అసలు ఇది ఉద్యోగమేనా? ఊళ్లో తలో మాట అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, పొందూరు

జవాబు: నమస్కారం. మీరు తేల్చుకోవలసినవి మూడు. ముందు వాటికి సూటిగా జవాబు చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను. డిగ్రీ మానవద్దు. వీడియోలు ఆపించవద్దు. క్రీముకూ యాప్‌కూ ఈ రోజే కాదని చెప్పించండి.

మీరు పంపిన లింకులతో మీ అమ్మాయి పెట్టిన వీడియోలు చూశాను. ఒకదాని గురించి తప్పకుండా చెప్పాలి. మీ అమ్మగారు నేల మీద కూర్చుని, వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతున్నారు. ఆ దవడలోని సన్నని పళ్లు పత్తిలోని నలుసును పట్టుకుని పీచును ఎలా వరుసకు తెస్తాయో అమ్మాయి బాగా దగ్గర నుంచి తీసింది. వెనక పాట పెట్టలేదు. పత్తి మీద ఎముక ఆడే చప్పుడే వినిపిస్తుంది. మధ్యలో మీ అమ్మగారు “కొంచెం జరుగు, వెలుతురు పడటం లేదు” అని కసురుకుంటే దాన్నీ తీసేయకుండా ఉంచింది. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తెలియడం ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన విద్య. అది ఆమెకు కొంత పట్టుబడింది.

ఇప్పుడు ఆ వీడియో కింద వచ్చిన వ్యాఖ్యలు చదవండి. ఈ బట్ట ఎక్కడ దొరుకుతుందని ఒకరు, పంచె ఎంతకు ఇస్తారని మరొకరు, మా కాలేజీలో ప్రాజెక్టు కోసం వచ్చి చూడవచ్చా అని ఇంకొకరు అడిగారు. డాన్సు రీల్‌కు దీనికి ఎన్నో రెట్లు వ్యూస్ ఉన్నాయి కానీ కింద హృదయం బొమ్మలు తప్ప ఒక్క ప్రశ్న లేదు. ప్రశ్నలు తెచ్చిన వీడియో వైపే ఆమెకు జీవనోపాధి ఉందని నా నమ్మకం.

ఇక ఆ పెద్దమనిషి సంగతి. చదువు కాగితం ముక్క అంటున్న ఆయన వీడియోను చివరిదాకా చూశాను. ఆఖరి నిమిషంలో ఆయన తన కోర్సు రుసుము, చేరడానికి గడువు చెబుతాడు. అంటే అంతవరకు మనం విన్నది కోర్సుకు ప్రకటన. విజయం మీద ఆన్‌లైన్‌లో వినిపించే అభిప్రాయాలు చాలావరకు ఇలా ఏదో ఒకటి అమ్మడానికి వచ్చేవే. చదువు మానేసి గెలిచినవారికి ఆ కథే సరుకు కాబట్టి వారు మాట్లాడతారు. మానేసి ఇంట్లో కూర్చున్నవారు వీడియో పెట్టరు. అందుకే మీ అమ్మాయికి ఒకవైపు కథే కనిపిస్తోంది. ఆమె మీద కోప్పడకుండా ఆ వీడియోను ఆమె పక్కనే కూర్చుని చివరిదాకా చూడండి. “ఈయన ఈ మాట అన్నందుకు ఈయనకు ఏం వస్తోంది?” అని అడగండి. తెలివైన పిల్ల, మిగతాది తనే ఆలోచిస్తుంది.

అదే ప్రశ్న రేపు ఆమె వీడియోలు చూసేవారూ అడుగుతారు. క్రీము కంపెనీ పదిహేను వేలు ఇస్తానన్నది ఆమె అందం చూసో, కెమెరా పనితనం చూసో కాదు. నాయనమ్మను చూపించిన పిల్ల అబద్ధం చెప్పదని ఇరవై వేల మంది అనుకుంటున్నారు. కంపెనీకి కావలసింది ఆ నమ్మకం. దాన్ని ఒకసారి అమ్మితే మళ్లీ కూడగట్టడం చాలా కష్టం. పైగా తెల్లబరుస్తామనే పేరుతో అమ్మే క్రీముల్లో కొన్నిటిలో స్టెరాయిడ్లు ఉంటున్నాయని, డాక్టరు చెప్పకుండా నెలల తరబడి రాసుకుంటే చర్మం పలచబడి పాడవుతుందని చర్మవైద్యులు ఎప్పటి నుంచో హెచ్చరిస్తున్నారు. ఆమె క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయి ఆమె మాట విని అది కొని రాసుకుంటే, రేపు ఆ ముఖం ఈమె చూడగలదా?

చట్టం కూడా చెప్పాలి. వాడని వస్తువును వాడానని చెప్పడం నేరుగా తప్పుదారి పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం ప్రకారం అలాంటి ప్రకటనలో వస్తువును సిఫారసు చేసినవారికి కూడా 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ఏడాది వరకు ఏ వస్తువునూ సిఫారసు చేయకుండా నిషేధించవచ్చు. సినిమా తారలకే ఈ నిబంధనలని చాలామంది అనుకుంటారు. కానీ ఇరవై వేల మంది చూసే కాలేజీ అమ్మాయికి కూడా అవే వర్తిస్తాయి. డబ్బు తీసుకున్నా, వస్తువు ఉచితంగా తీసుకున్నా అది ప్రకటన అని వీడియోలోనే స్పష్టంగా కనిపించేలా రాయాలి. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఇన్‌ఫ్లూయెన్సర్ల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మాట ఉంది.

యాప్ విషయంలో ఆలోచించడానికి కూడా ఏమీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ జూదాన్ని 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలతో పాటు వాటి ప్రచారాన్ని కూడా నిషేధించింది. ప్రచారం చేసినవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. అదే ఏడాది మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారని హైదరాబాద్‌లో పలువురు యూట్యూబర్ల మీద కేసులు నమోదయ్యాయి. ముప్పై వేల కోసం ఆ దారిలో అడుగు పెట్టనివ్వవద్దు.

ఇది ఉద్యోగమేనా అన్నారు. నెల తిరిగేసరికి జీతం చేతికి రావడమే ఉద్యోగం అనుకుంటే, ఇప్పటికి కాదు. యూట్యూబు తన ప్రకటనల ఆదాయంలో వాటా ఇవ్వాలంటే ఛానల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దానితో పాటు గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు, అంటే పొట్టి వీడియోలకు, కోటి వ్యూస్ గానీ రావాలి. ఆ తర్వాత పెద్ద వీడియోల ప్రకటనల్లో 55 శాతం, షార్ట్స్‌లో ఛానల్ వంతుకు వచ్చిన మొత్తంలో 45 శాతం ఇస్తుంది. ఖాతాలో 100 డాలర్లు పోగయ్యేదాకా బ్యాంకుకు పంపదు. ప్రకటనల ధర వేలంపాటలో తేలుతుంది. చూసేవారు ఏ దేశంలో ఉన్నారు, విషయం ఏమిటి, పండుగల రోజులా కాదా అన్నదాన్ని బట్టి అదే వీడియోకు ఒక నెల వచ్చింది మరో నెల రాదు. ఇన్‌స్టాగ్రామ్‌లోనైతే వ్యూస్ లెక్కన డబ్బు వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. అక్కడి సంపాదన చాలావరకు కంపెనీలు నేరుగా ఇచ్చేదే. మరి అలా ఇచ్చేవారి కోసం ఎదురుచూస్తూ ఇంటి ఖర్చులు ఆ ఆదాయం మీదే నడవాల్సి వస్తే, ఎంత మంచి పిల్లయినా ఏదో ఒక రోజు అలాంటి క్రీముకు తలవంచుతుంది. డిగ్రీ మానవద్దు అనడానికి ఇదే నా మొదటి కారణం. కాదని చెప్పగలిగే స్థితి ఆమెకు ఉండాలి.

రెండో కారణం, ఈ రంగంలో స్థిరమైన జీతాలు ఎక్కువగా కెమెరా వెనకే ఉన్నాయి. ఎడిటింగ్, తెలుగులో ప్రకటనల రచన, సబ్‌టైటిళ్లు, వాయిస్ ఓవర్, కంపెనీల సోషల్ మీడియా ఖాతాలు నడపడం లాంటి పనులకు విశాఖపట్నంలో, హైదరాబాద్‌లో మనుషులు కావాలి. చక్కని తెలుగు రాయగలిగి, వీడియో కూడా కత్తిరించగల పిల్లలు దొరకడం కష్టంగా ఉందని ఆ సంస్థల్లో పనిచేసేవారు నాతో తరచూ అంటుంటారు. బీఎస్సీ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జర్నలిజం పీజీ చేయవచ్చు. భారతీయ జనసంచార సంస్థ, అంటే ఐఐఎంసీ, ఢిల్లీ ప్రాంగణంలో ప్రకటనలు, ప్రజాసంబంధాల కోర్సు నడుపుతోంది. మనకు దగ్గరగా ఒడిశాలోని ఢెంకనాల్‌లో కూడా ఆ సంస్థకు ప్రాంగణం ఉంది, అక్కడ జర్నలిజం చెబుతారు. ఇవన్నీ ఏ డిగ్రీ చదివినవారికైనా తెరిచి ఉన్న దారులు. డిగ్రీ లేనివారికి మాత్రం మూసుకుపోతాయి. ఇంకో ఏడాదిన్నర ఓపిక పట్టమనండి. పరీక్షల నెలలో వీడియోలు తగ్గించుకుంటే చూసేవారు ఎక్కడికీ పోరు.

అంతవరకు డబ్బు సంపాదించవద్దా అంటే, సంపాదించనివ్వండి. మన జిల్లాల్లోనే ఆమె చేయగల పని చాలా ఉంది. మందస కోవా, పలాస జీడిపప్పు, బుడితి ఇత్తడి సామాను, విజయనగరం జిల్లాలో బొబ్బిలి వీణ. వీటిని తయారుచేసేవారిలో ఎంతమందికి తమ పనిని నిమిషం వీడియోలో చూపించుకోవడం వచ్చు? వాళ్ల దగ్గరకు వెళ్లి, పని తీరు చిత్రీకరించి, ఆ వీడియోను వాళ్లకే అమ్మవచ్చు. దీనికి ఇరవై వేల మంది కూడా అక్కర్లేదు. నాయనమ్మ వీడియో ఒక్కటి చూపిస్తే చాలు. మొదట్లో రెండు మూడు వేలు అడిగినా తప్పు లేదు. కానీ ఎన్ని వీడియోలు, ఎన్ని రోజుల్లో, మార్పులు ఎన్నిసార్లు చేయాలి అన్నవి వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా ఉండాలి. సగం డబ్బు ముందే తీసుకోవాలి. తన ముఖం ఉన్న వీడియోను వాళ్లు ఎన్ని నెలలు వాడుకోవచ్చో కూడా రాయించుకోవాలి. పెద్ద కంపెనీల ఒప్పందాల్లో ఈ చివరి వాక్యం దగ్గరే పిల్లలు మోసపోతున్నారు. ఒక్క వీడియోకు డబ్బు తీసుకుని, ఏళ్ల తరబడి తమ ముఖం ఆ కంపెనీ ప్రకటనల్లో తిరుగుతుంటే ఏమీ చేయలేకపోతున్నారు.

పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఆమె పేరు మీదే ఉండాలి. ప్రచారం కోసం ఒకే సంస్థ ఏడాదిలో ఇచ్చిన ఉచిత వస్తువుల విలువ 20 వేల రూపాయలు దాటితే, 2022 జూలై నుంచి వాటి మీద కూడా 10 శాతం టీడీఎస్, అంటే ఇచ్చేటప్పుడే మినహాయించే పన్ను, జమయ్యేలా ఆ సంస్థ చూడాలి. మీ ఊళ్లోనే ఎవరైనా ఆడిటరుకు ఏడాదికోసారి చూపిస్తే చాలు. ప్రకటన ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి అన్నవాళ్లకు ఒక్క రూపాయి కూడా పంపవద్దు. ఒప్పందం పేరుతో వచ్చే ఫైళ్లను తెలియకుండా తెరవవద్దు, ఛానళ్లు దొంగల చేతికి పోయేది ఎక్కువగా అలాగే.

మీరు అడగని విషయం ఒకటి మీతో చెప్పాలనిపిస్తోంది. ఆ ఛానల్‌లో నలుగురూ మెచ్చుకుంటున్నది మీ అమ్మగారి చేతుల పని. దాని మీద రేపు డబ్బు వస్తే ఆవిడకు వాటా ఉండాలి. మనవరాలు ప్రేమతో ఇచ్చే చీర వేరు, పనికి ఇచ్చే వాటా వేరు. ఎంత అన్నది మీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. చిత్రీకరించే ముందు ఆవిడను అడగడం, ఆవిడ వద్దన్న రోజు ఫోను పక్కన పెట్టడం అమ్మాయికి ఇప్పుడే అలవాటు కావాలి. రేపు వేరే ఇంటి పనివారి దగ్గరకు వెళ్లినప్పుడు కూడా అలాగే నడుచుకుంటుంది.

ఇక ఊళ్లోవాళ్ల మాటలు. వాటికి మీరు జవాబు చెప్పనక్కర్లేదు. మీరు పట్టించుకోవలసింది అమ్మాయి భద్రత. ఇంటి ముందు భాగం, కాలేజీ బస్సు ఎక్కే చోటు, వేళ వీడియోల్లో పడకుండా చూసుకోమనండి. ఎక్కడికైనా వెళితే తిరిగి వచ్చిన తర్వాతే ఆ వీడియో పెట్టమనండి. అసభ్యంగా రాసినవారిని వాదన లేకుండా బ్లాక్ చేయాలి. బెదిరింపు అయితే స్క్రీన్‌షాట్ తీసి ఉంచి పోలీసులకు ఇవ్వాలి, డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఇలాంటిది జరిగి ఆమె మీ దగ్గరకు వచ్చిన రోజు “నేను ముందే చెప్పాను కదా” అని మాత్రం అనవద్దు. ఆ ఒక్క మాట విన్నాక చాలామంది ఆడపిల్లలు ఇంట్లో చెప్పడమే మానేస్తారు, ఆపద అక్కడి నుంచే పెద్దదవుతుంది.