ప్రౌడ్, అరొగెంట్, హాటీ: ఏది ఎక్కడ?

రిటైరవుతున్న మీ మేనేజర్ గారి కార్డులో మెచ్చుకోలుగా ‘యూ ఆర్ ఎ ప్రౌడ్ మ్యాన్’ అని రాయొచ్చా అని అడిగారు. వద్దండీ. ప్రౌడ్ పక్కన ‘ఆఫ్’ గానీ ‘టు’ గానీ వచ్చి, దేన్ని చూసి గర్వపడుతున్నామో చెబితే అది మంచి మాటే. ‘వియ్ ఆర్ ప్రౌడ్ ఆఫ్ యూ’ అంటే ఎవరైనా సంతోషిస్తారు. ఊరికే మనిషికి తగిలిస్తే మాత్రం ఆత్మాభిమానం గలవాడనీ అనుకోవచ్చు, తలబిరుసు మనిషనీ అనుకోవచ్చు. వీడ్కోలు రోజున ఆ టెన్షన్ ఎందుకు?

అరొగెంట్‌కి ఈ వెసులుబాటు లేదు, అది తిట్టే. తనకే అన్నీ తెలుసన్నట్టు ఎదుటివాళ్ళ మాట కొట్టిపారేసేవాళ్ళకి వాడతారు. హాటీ (haughty) కూడా తిట్టే గానీ అందులో దబాయింపు ఉండక్కర్లేదు, పలకరిస్తే పలక్కుండా పైనుంచి ఓ చూపు చూస్తే చాలు. ఫ్రెంచ్‌లో ‘ఎత్తు’ అనే మాట నుంచే పుట్టింది మరి! కన్సీటెడ్ అంటే తన తెలివికి, ప్రతిభకి తానే మురిసిపోవడం. వెయిన్ (vain) ఎక్కువగా అందం గురించి, అద్దం వదలనివాళ్ళకి.

మీ కార్డులో ‘వియ్ ఆర్ ప్రౌడ్ టు హ్యావ్ వర్క్‌డ్ విత్ యూ’ అని రాసేయండి.