బధిర విద్యార్థి, పార్ట్‌టైం ఉద్యోగం: ముందు ఏ టైంటేబుల్ రాసుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయికి పుట్టుకతోనే వినికిడి లేదు. సైగల భాష వచ్చు. చెవి మిషన్ పెట్టుకుంటే శబ్దం తెలుస్తుంది గానీ మాట తెలియదు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీలోని సహాయ సేవల విభాగం క్లాసులకు ఇంటర్‌ప్రెటర్లను (మాటలను సైగల్లోకి మార్చి చెప్పేవాళ్లను), నోట్స్ రాసిపెట్టే తోటి విద్యార్థిని ఏర్పాటు చేసింది. ఈ సెమిస్టర్ నుంచి వారానికి 20 గంటలు పార్ట్‌టైం ఉద్యోగానికి వెళ్తోంది. షిఫ్టు మారినప్పుడల్లా క్లాసు పోతోంది. రెండుసార్లు చెప్పకుండా రాలేదని, మళ్లీ ఇలా జరిగితే ఇంటర్‌ప్రెటర్‌ను ఆపేస్తామని మెయిల్ వచ్చింది. రాత్రికి తలనొప్పితో పడుకుంటోంది. ఉద్యోగం మాన్పించమంటారా? – ఒక తల్లి

జవాబు: ఇప్పుడే మాన్పించకండమ్మా. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే గొడవ ఉద్యోగంతో కాదు, రోజుకో రకంగా మారే షిఫ్టుతో. దాన్ని ముందు సరిచేయాలి. అది కుదరకపోతే అప్పుడు మానేయడం గురించి ఆలోచించవచ్చు.

ఈ జవాబు అమ్మాయికి చూపించండి. సహాయ విభాగంతో మాట్లాడాల్సింది, యజమానిని అడగాల్సింది తనే. మీరు ఫోన్ చేసి సర్దిచెబితే ఈ వారం గడుస్తుంది గానీ, రేపు డిగ్రీ అయ్యాక చేరే ఆఫీసులో తన తరఫున అడిగేవాళ్లు ఉండరు. అందుకే ఇక్కడి నుంచి తనకే రాస్తున్నాను.

తల్లీ, ముందు ఆ మెయిల్‌కు ఇవాళే జవాబు పంపు. ఏ తేదీల్లో రాలేకపోయావో, షిఫ్టు ఎప్పుడు మారిందని తెలిసిందో, ఇకపై ఏం చేయబోతున్నావో నాలుగు వాక్యాలు చాలు. క్షమాపణతో పేరా నింపొద్దు. ఇంటర్‌ప్రెటర్‌ను రద్దు చేయాలంటే ఎన్ని గంటల ముందు చెప్పాలో, ఎన్నిసార్లు తప్పితే సేవ ఆగుతుందో, ఆగితే తిరిగి ఎలా మొదలవుతుందో అందులోనే అడుగు. చాలా కాలేజీల్లో కనీసం 24 గంటల ముందు చెప్పాలనే నియమం ఉంటుంది. కొన్నిచోట్ల 48 గంటలు. ఆ గడువు దాటాక రద్దు చేసినా ఇంటర్‌ప్రెటర్లకు డబ్బు ఇవ్వాల్సిందే కాబట్టి విభాగం అంత కచ్చితంగా ఉంటుంది. పైగా గంట దాటే క్లాసుకు సాధారణంగా ఇద్దరు వస్తారు, సుమారు 20 నిమిషాలకోసారి మారుతుంటారు. చేతులకన్నా ముందు మెదడు అలసిపోయి, సైగల్లో తప్పులు దొర్లుతాయి కాబట్టి ఈ ఏర్పాటు. అంటే నువ్వు ఒక్క క్లాసు తప్పితే ఇద్దరి పూట వృథా అవుతుంది.

అదే కారణంగా, క్లాసును సాయంత్రం బ్యాచ్‌కు మార్చుకున్నంత తేలిగ్గా ఇంటర్‌ప్రెటర్ మారరు. ఆ గంటకు వాళ్లు ఇంకెక్కడో బుక్ అయి ఉంటారు. కాబట్టి టైంటేబుల్ రాసేటప్పుడు వరస మార్చు. క్లాసులు, వాటికి ఖరారైన సహాయం, ల్యాబులు, పరీక్షలు ముందు రాయి. మిగిలిన ఖాళీల్లో షిఫ్టు పెట్టు. ఇప్పుడు నువ్వు చేస్తున్నది దీనికి తలకిందులు.

ఇక గంటల సంగతి. వినగలిగే విద్యార్థి తల వంచి రాసుకుంటూనే వింటాడు. నువ్వు ఇంటర్‌ప్రెటర్ మీద నుంచి చూపు తిప్పితే ఆ వాక్యం పోయినట్టే, అందుకే నీ నోట్స్ ఇంకొకరు రాస్తారు. అవి ఇంకొకరి మాటలు కాబట్టి అదే రోజు కూర్చుని నీ మాటల్లోకి తెచ్చుకోవాలి. గంట క్లాసుకు కనీసం అరగంట పడుతుంది. వారానికి 15 గంటల క్లాసులనుకుందాం. దానికి ఏడెనిమిది గంటలు ఈ పనికే పోతాయి. మామూలు చదువుకు మరో 15 గంటలు వేసుకో. అప్పటికే 38 దగ్గరకు వచ్చాం. దానిమీద 20 గంటల ఉద్యోగం, రాకపోకలు. నీ తలనొప్పిలో ఈ లెక్క పాత్ర చాలా ఉండి ఉంటుంది. రోజంతా కళ్లతో వినడం వల్ల వచ్చే అలసట నిజమైనది, దాన్ని బద్ధకమని ఎవరన్నా పట్టించుకోకు. సెమిస్టర్ నడుస్తున్నంత కాలం 10 నుంచి 12 గంటలకు తగ్గించుకోమని నా సలహా. క్లాసుకూ షిఫ్టుకూ మధ్య ముప్పావుగంట ఎవరితోనూ మాట్లాడకుండా, మిషన్ తీసేసి కూర్చునే సమయం కూడా ఉండాలి. ఇవన్నీ చేసినా తలనొప్పి తగ్గకపోతే కంటి పరీక్ష చేయించుకో.

యజమానితో ఎలా మాట్లాడాలి? కాలేజీ విభాగం బాధ్యత దాదాపు ఎప్పుడూ కాలేజీ పనుల వరకే. ఉద్యోగంలో కావాల్సినవి యజమానినే అడగాలి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 24వ అధికరణం చదువుకు, 27వది ఉద్యోగానికి. తగిన సర్దుబాట్లు రెండుచోట్లా ఇవ్వాలని అందులో ఉంది. దేశాన్ని బట్టి చట్టం వేరు, కానీ అడగడానికి ఆ ఆధారం చాలు. అడిగేటప్పుడు నీ వినికిడి ఎన్ని డెసిబెల్స్ అని మొదలుపెట్టకు. పని గురించి మాట్లాడు. ఇలా రాయవచ్చు:

"సర్, నాకు క్లాసులు, ఇంటర్‌ప్రెటర్ సమయాలు సెమిస్టర్ మొత్తానికీ ఖరారయ్యాయి. మంగళ, గురువారాలు సాయంత్రం, శనివారం పూర్తిగా రాగలను. షిఫ్టు మార్చాల్సి వస్తే మూడు రోజుల ముందు మెసేజ్ పెట్టండి, ఫోన్ కాల్ వద్దు. షిఫ్టు మొదట్లో చెప్పే పనుల జాబితా నాకు రాసి పంపండి. అగ్నిప్రమాదం అలారం మోగితే నాకు తెలిసేలా లైటు గానీ, వచ్చి చెప్పే మనిషిని గానీ ఏర్పాటు చేయండి."

చివరి వాక్యం తీసేయకు. మొహమాటంతో చాలామంది అదే వదిలేస్తారు.

రాసి ఇవ్వమనడం ఎందుకో కూడా వాళ్లకు తెలియాలి. పెదవులు చూసి గ్రహిస్తావులే అనుకుంటారు. పాట, బాట, మాట అని అద్దం ముందు గొంతు బయటికి రాకుండా అని చూడమను. మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుని తెరుచుకుంటాయి. క, గ అయితే గొంతు దగ్గరే పుడతాయి, బయటికి దాదాపు కనిపించవు. సందర్భం తెలిస్తే ఊహించవచ్చు గానీ పేర్లకు, సమయాలకు, అంకెలకు సందర్భం సాయపడదు. ఈ మూడూ ఎప్పుడూ రాతలోనే ఉండాలి.

ఫోన్‌లో మాటలను అక్షరాలుగా చూపించే యాప్‌ను పనిచోట వాడుకో, కానీ దాని హద్దు తెలుసుకుని వాడు. నిశ్శబ్దమైన గదిలో, ఒక్కరే మాట్లాడుతూ, ఫోన్ వాళ్ల ముందే ఉంటే బాగా పనిచేస్తుంది. నలుగురు కలిసి మాట్లాడితే ఎవరి మాట ఎవరిదో కలిసిపోతుంది. పేర్లు, సాంకేతిక పదాలు తప్పుగా పడతాయి. పరీక్ష సూచనలకు, జీతం మాటలకు దాన్ని నమ్ముకోవద్దు. సమావేశంలో కిటికీకి వీపు పెట్టి కూర్చున్న మనిషి ముఖం నీడలో పడుతుంది కాబట్టి, వెలుతురు వాళ్ల ముఖాల మీద పడే వైపు నువ్వు కూర్చో. ఇంటర్‌ప్రెటర్ మాటకు కొన్ని క్షణాలు వెనక ఉంటారు. నీకు ప్రశ్న అందేసరికి పక్కవాళ్లు జవాబు చెప్పేసి ఉంటారు. చెయ్యెత్తాక మాట్లాడే పద్ధతి పెట్టమని అడుగు.

మిషన్‌లో జింక్-ఎయిర్ బ్యాటరీ (గాలి తగిలితే పనిచేసేది) అయితే, దాని మీది స్టిక్కర్ లాగిన క్షణం నుంచి ఖర్చవుతుంది. మళ్లీ అతికించినా ఆగదు. స్పేర్ బ్యాటరీని స్టిక్కర్ తీయకుండానే సంచిలో ఉంచుకో.

ఇంటర్న్‌షిప్ వచ్చినప్పుడు జాగ్రత్త. మార్కులు కాలేజీవి, పని కంపెనీది. ఇంటర్‌ప్రెటర్‌ను మీరంటే మీరని ఇద్దరూ అనుకుంటారు, మొదటి రోజు ఎవరూ రారు. ఒప్పుకోకముందే ఇద్దరినీ ఒకే మెయిల్‌లో పెట్టి, ఎవరు ఏర్పాటు చేస్తారో రాతపూర్వకంగా తీసుకో.

ఇప్పుడున్న చోట స్థిరమైన షిఫ్టు ఇవ్వలేమంటే వేరేది వెతుక్కో. ఎక్కువ మాట్లాడనక్కర్లేని పనే నీకు సరిపోతుందని కొందరు చెబుతారు, నేను ఒప్పుకోను. వేళలు మారవా, సూచనలు రాతలో వస్తాయా అన్న రెండే చూడు. క్యాంపస్ లోపలి లైబ్రరీ, ల్యాబ్ పనుల్లో ఈ రెండూ దొరికే అవకాశం ఎక్కువ. అక్కడివాళ్లకు పరీక్షల తేదీలు కూడా తెలుసు.

ఆ తేదీలు ప్రకటించిన రోజే అదనపు సమయానికి, ఇంటర్‌ప్రెటర్‌కు దరఖాస్తు పెట్టు. గడువు రెండు మూడు వారాల ముందే ముగిసే కాలేజీలు ఉన్నాయి. పరీక్షల వారాల సెలవు కోసం మీ మేనేజర్‌కు రాసే మెయిల్ కూడా ఆ పూటే వెళ్లాలి.