ముందు రిసీవర్ సంగతి చూడు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

రెండు ఏటీటైనీ85 చిప్‌ల (చిన్న మైక్రోకంట్రోలర్లు) మధ్య ఇన్‌ఫ్రారెడ్‌తో డేటా పంపాలనుకుంటున్నావట. మంచిదే, కానీ పంపే ప్రోగ్రామ్‌తో మొదలుపెట్టకు. రెండు వైపులా నీ కోడే ఉంటే, పని చేయనప్పుడు తప్పు ఎటుందో తేలదు. ముందు రిసీవర్ రాసి, ఒక టీవీ రిమోట్‌తో పరీక్షించు. చాలా రిమోట్‌లు 38 కిలోహెర్ట్జ్ దగ్గరే, అంటే సెకనుకు 38 వేలసార్లు వెలిగి ఆరుతూ, పనిచేస్తాయి.

రిసీవర్‌గా మూడు కాళ్ల టీఎస్ఓపీ38238 లాంటి మాడ్యూల్ పెట్టు. విడి ఫొటోడయోడ్ (వెలుగును పసిగట్టే భాగం) జోలికి పోకు, ట్యూబ్‌లైటూ ఎండా కలిసి ప్రాణం తీస్తాయి. మాడ్యూల్ అవుట్‌పుట్ మామూలుగా హైలో ఉండి, 38 కిలోహెర్ట్జ్ పల్సులు తగిలినప్పుడు సున్నాకి పడిపోతుంది. కోడ్ పొరపాటున తలకిందులుగా రాసేది ఇక్కడే, గుర్తుంచుకో.

బిట్లు పంపడానికి రిమోట్‌లు వాడే పద్ధతుల్లో ఎన్ఈసీ అనేది ఎంచుకుంటే సుఖం. మొదట 9 మిల్లీసెకన్ల పల్స్ (అంటే అంతసేపూ ఆ 38 కిలోహెర్ట్జ్ మిణుకు), 4.5 మిల్లీసెకన్ల ఖాళీ, ఆ తర్వాత 32 బిట్లు. ప్రతి బైటులోనూ అతి తక్కువ విలువ ఉన్న బిట్ ముందు వస్తుంది. ప్రతి బిట్‌లోనూ పల్స్ 562.5 మైక్రోసెకన్లే, తేడా అంతా దాని వెనక ఖాళీలో. మొత్తం 1.125 మిల్లీసెకన్లయితే 0, 2.25 అయితే 1.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. పల్స్ వెడల్పు కొలవకు. దూరాన్ని బట్టి, సిగ్నల్ బలాన్ని బట్టి మాడ్యూల్ దాన్ని సాగదీస్తుంది, కుదిస్తుంది. ఒక్కోసారి తేడా వంద మైక్రోసెకన్లు దాటుతుంది. అవుట్‌పుట్ కిందికి దిగిన క్షణం నుంచి మళ్లీ దిగే క్షణం దాకా కొలువు. 1.7 మిల్లీసెకన్లకు తక్కువైతే 0, ఎక్కువైతే 1. చిప్ లోపలి ఆసిలేటర్ (దాని గడియారం) ఫ్యాక్టరీ నుంచి పది శాతం దాకా అటూ ఇటూ ఉండొచ్చు. అయినా ఒకటి మరొకదానికి రెట్టింపు కాబట్టి టెన్షన్ లేదు.

పంపే వైపు డిలేలు పెట్టి పిన్‌ను ఆడించకు, మధ్యలో ఇంటరప్ట్ (చిప్‌ను వేరే పనికి లాగే పిలుపు) వస్తే లయ చెడుతుంది. ఆ పని టైమర్‌కి అప్పగించు. 8 మెగాహెర్ట్జ్‌లో 210 లెక్కలకొకసారి తిరిగేలా చేస్తే 38.1 కిలోహెర్ట్జ్ వస్తుంది. అందులో మూడో వంతు సేపు వెలిగితే చాలు. ఆర్డుయినోలో రాస్తుంటే, సమయం లెక్కపెట్టే మిల్లిస్ ఫంక్షన్ ఏ టైమర్‌ను వాడుతోందో చూసి, రెండోదాన్ని తీసుకో. ఎల్ఈడీని నేరుగా పిన్‌కి తగిలించకుండా ట్రాన్సిస్టర్ ద్వారా నడుపు. మాడ్యూల్ పవర్ కాలి దగ్గర చిన్న రెసిస్టర్, కెపాసిటర్ పెడితే మంచిది.

నీ సొంత డేటా మొదలయ్యాక సీరియల్ పోర్టులా ఆపకుండా కుమ్మరించకు. ఎడతెగని సిగ్నల్‌ను ఈ మాడ్యూల్ గోలగా లెక్కగట్టి చెవులు మూసుకుంటుంది. ప్రతి ప్యాకెట్ తర్వాత కాసేపు ఆగు. ప్రతి బైటునూ దాని విలోమంతో (0లు 1లుగా, 1లు 0లుగా మార్చినది) కలిపి పంపు, రెండూ పొసగకపోతే ప్యాకెట్ పారేయి.

ఎల్ఈడీ వెలుగుతోందో లేదో అనుమానం వస్తే ఫోన్ కెమెరాలో చూడు. వెనక కెమెరాలో కనిపించకపోతే ముందుది వాడి చూడు, కొన్నింటిలో ఫిల్టర్ ఉంటుంది.

నీ మావయ్య