పెళ్ళిచీర కట్టుకుని ఓసారి పీట మీద కూర్చుని చూడు

చి.ల.సౌ. బుజ్జికి,

పర్లాకిమిడి నుంచి నీ పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ముహూర్తానికి ఒక చీర, మీ ఒడియా అత్తవారి తంతుకి ఒకటి, రిసెప్షన్‌కి తెల్ల గౌను. ఏది బాగుందని అడిగావు. అన్నీ బాగున్నాయమ్మా. కానీ నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో పెళ్ళికూతుళ్ళకి జాకెట్లు కుట్టి, చీరలు కట్టినదాన్ని, నేను అడిగేది ఇంకొకటి. ఆ బట్టలో నువ్వు పీటల మీద రెండు గంటలు కూర్చోగలవా? చేతులెత్తి తలంబ్రాలు పోయగలవా? వంగి పెద్దవాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టగలవా?

నా పెళ్ళి వైశాఖంలో అయింది. జాకెట్టు ఒంటికి అతికినట్టు ఉండాలని పట్టుబట్టి కుట్టించుకున్నాను. తలంబ్రాల వేళకి చెయ్యి భుజం దాటి లేవలేదు. మా మేనత్త చెంగు అడ్డం పెట్టి, పూలదండల కోసం తెచ్చిన కత్తెరతో చంక కింద కుట్టు విప్పింది. అప్పటిగ్గానీ నాకు ఊపిరాడలేదు. ఆ తర్వాత నేను కుట్టిన ఏ పెళ్ళి జాకెట్టుకైనా పక్క కుట్లలో అంగుళం గుడ్డ మడిచి ఉంచాను. నీ టైలర్‌కీ అదే చెప్పు. కొలతలు ఇచ్చేటప్పుడు నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి ఇవ్వు.

మన పెళ్ళిలో ప్రతి తంతుకీ ఒంటి మీద ఎక్కడో ఒకచోట ఖాళీ కావాలి. జీలకర్ర బెల్లం నడినెత్తిన పెడతారు. స్ప్రే కొట్టి పేర్చిన కొప్పు అక్కడ అడ్డం, పూలజడ హాయి. సూత్రం కట్టేటప్పుడు ఆడపడుచు జడ పైకెత్తి పట్టుకుంటుంది. అబ్బాయి వేళ్ళు మెడ వెనక మూడు ముళ్ళు వేయాలి కాబట్టి కాలరు జాకెట్టు వద్దు, వెనక పెద్ద కుచ్చులు వేలాడే తాళ్ళూ వద్దు. మెట్టెలు తొడిగేటప్పుడు పాదం సన్నికల్లు మీద పెట్టాలి, కుచ్చిళ్ళు కాస్త పైకి కట్టించుకో.

ఇక మీ అత్తవారి వైపు. ఒడియా పెళ్ళికూతురికి పసుపు రంగు మీద ఎర్ర అంచు చీర సంప్రదాయం. వధూవరులిద్దరి తల మీదా జీలుగుబెండుతో చేసిన మకుటం పెడతారు. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు, గాలి వీస్తే ఒరిగిపోతుంది. అది తల మీద ఉండగా జీలకర్ర బెల్లం ఎక్కడ పెడతారు? అందుకే ఇద్దరు పురోహితుల్నీ వారం ముందే కూర్చోబెట్టి, ఏ తంతు తర్వాత ఏదో కాగితం మీద రాయించు. హాతగంఠిలో మీ ఇద్దరి చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి కడతారు. వేళ్ళకీ మణికట్టుకీ గొలుసులుండే ఆ కొత్తరకం నగ ఆ పూటకి తీసేయి.

చీర మాత్రం బరంపురంలోనే కొను. ఆన్‌లైన్‌లో చూపించినవాటికన్నా అక్కడి పట్టు నాకు ఎక్కువ నచ్చుతుంది, కారణం చెప్తాను. అంచు దగ్గర గుడి గోపురాల్లా కొనదేలిన వరస చూశావా? దాన్ని ఫోడా కుంభ అంటారు. పెళ్ళికొడుక్కి పంచె, కండువా జంటగా నేస్తారు, దాన్ని జోడ అంటారు. నీ చీర, అతని జోడ ఒకే రంగు అంచుతో తీసుకుంటే రెండిళ్ళవాళ్ళకీ కళ్ళు నిండుతాయి. పైగా అక్కడి నేతగాళ్ళ ఇళ్ళలో చాలాచోట్ల మాట్లాడేది మన తెలుగే. 1936లో బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది గానీ, మగ్గం దగ్గర బేరం ఇప్పటికీ తెలుగులో సాగుతుంది.

కొనేటప్పుడు అసలు పట్టేనని తెలిపే సిల్క్ మార్క్ లేబుల్ చూడు. అనుమానముంటే కొంగు చివర ఒక పోగు లాగి వెలిగించమను. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

తెల్ల గౌను చూసి మీ అమ్మ నొచ్చుకుందట, శుభకార్యానికి తెలుపేమిటని. మీ అమ్మతో నేను మాట్లాడతాను. మన మధుపర్కాలు మాత్రం ఏ రంగు? తెల్లటి నూలు, పసుపు రాసిన అంచు. జపాన్‌లో పెళ్ళికూతురు తల నుంచి పాదాల దాకా తెల్ల కిమోనో కడుతుంది, షిరోముకు అంటారు. చైనావాళ్ళకి పెళ్ళంటే ఎరుపు. ఇంగ్లండులో పూర్వం పెళ్ళికూతుళ్ళు ఉన్నవాటిలో మంచి గౌను ఏ రంగుదైనా వేసుకునేవాళ్ళు. 1840లో విక్టోరియా రాణి తెల్ల సాటిన్ గౌను, హోనిటన్ లేసు వేసుకుని పెళ్ళాడాక తెలుపు ఫ్యాషన్ అయింది. కేరళ సిరియన్ క్రైస్తవుల్లో చూడు, తెల్లబట్టలతో చర్చికి వచ్చిన అమ్మాయి తల మీద పెళ్ళికొడుకు మంత్రకోడి అనే పెళ్ళిచీర కప్పుతాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మన మధుపర్కాలకి చుట్టంలా అనిపిస్తుంది.

కాబట్టి గౌను వేసుకో, కానీ వైశాఖంలో మన హాళ్ళలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. లోపల నూలు లైనింగు వేయించు, నేల మీద ఈడ్చే భాగం పైకి మడిచి హుక్కు పెట్టేలా కుట్టించు. ఒక్క సాయంత్రానికే కదా, అద్దెకి తీసుకున్నా తప్పు లేదు. మిగిలిన డబ్బు చీర మీద పెట్టు.

మధుపర్కాలు మాత్రం డిజైనర్‌వి కొనొద్దు తల్లీ. మీ నాన్న చేత్తో పెట్టే నూలుబట్టలే కట్టుకో. తర్వాత వాటిని సబ్బుతో ఉతకొద్దు, పసుపు మరక ఎర్రగా మారుతుంది. ఒట్టి నీళ్ళలో జాడించి ఎండలో వేస్తే పసుపు దానంతటదే వెలుస్తుంది. పట్టుచీరకి మాత్రం ఎండ తగలనీయకు. నూలుగుడ్డలో చుట్టి, మూణ్ణెల్లకోసారి మడత మార్చు, జరీ మడత దగ్గర చిట్లకుండా ఉంటుంది.

వచ్చే ఆదివారం చీర, జాకెట్టు పట్టుకుని రా. వసారాలో పీట వేసి ఉంచుతాను. అన్నీ కట్టుకుని రెండు గంటలు కూర్చో, లే, వంగు, చేతులెత్తు. ఎక్కడ పట్టేస్తుందో చెప్పు. కత్తెర, సూది దగ్గరే పెట్టుకుంటాను.

మీ పెద్దమ్మ