ఇంటికి కెమెరాలు: వై-ఫై రకమా, తీగల రకమా?

ప్రశ్న: తిరుపతి బైరాగిపట్టెడలో మాది సొంత ఇల్లు, మేడ మీది వాటా అద్దెకిచ్చాం. తరచూ చిత్తూరు దగ్గరి మా ఊరికి వెళ్తుంటాం. తక్కువ ఖర్చులో ఎలాంటి కెమెరాలు పెట్టించుకోవాలి?

జవాబు: వీధి గుమ్మం, మెట్లు, పెరడు రాత్రింబవళ్లు కనిపించాలంటే, తీగలు లాగే శ్రమ ఉన్నా వై-ఫై రకం కన్నా నాలుగు కెమెరాల డీవీఆర్ (తీగల ద్వారా వచ్చే దృశ్యాలను ఇంట్లోనే హార్డ్‌డిస్క్‌లో దాచే పెట్టె) పద్ధతే మీకు తగినదని నా అభిప్రాయం, ఇంటర్నెట్ ఆగినా అందులో రికార్డింగ్ ఆగదు. 2 మెగాపిక్సెల్ కెమెరాలు నాలుగూ సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున నిరంతరం రికార్డు చేస్తే, 1 టెరాబైట్ హార్డ్‌డిస్క్‌లో సుమారు 11 రోజుల దృశ్యాలు నిలుస్తాయి కనుక, ఊరినుంచి వచ్చాక కూడా వెనక్కి చూసుకోవచ్చు. కరెంటు పోతే మాత్రం అన్నీ ఆగిపోతాయి. అందుకే మెగాపిక్సెళ్లు పెంచడానికి పెట్టే డబ్బుతో డీవీఆర్‌కూ కెమెరాలకూ ఇన్వర్టర్ కనెక్షన్ ఇప్పించండి. బిగించినవారు పెట్టిన పాస్‌వర్డ్‌ను ఆ రోజే మార్చండి. మెట్ల కెమెరాను మీ అద్దెవారి గుమ్మంలోకి చూడని కోణంలో, వారికి ముందే చెప్పి అమర్పించండి.