తడిసిన కార్పెట్ పారేసే ముందు

చి.ల.సౌ. చిన్నికి,

పెదనాన్న ఆశీస్సులు.

రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన వీడియో మీ పెద్దమ్మా నేనూ రెండుసార్లు చూశాం. మంచు తుపానుకి గొట్టం పగిలి మీ గుడి హాల్లో చీలమండల దాకా నీళ్లు, పైన సీలింగ్ ముక్క ఊడి వేలాడుతోంది, వెనకాల ఎవరో "వాల్వు ఎక్కడుందో చూడండయ్యా" అని కేకలు. గుడి ట్రెజరర్‌గా ఒప్పుకుని రెండు నెలలైనా కాలేదు, నీ నెత్తిన ఇది పడింది. టెన్షన్ పడకు అని చెప్పను, పడతావు. కానీ "శనివారం పొద్దున్నే వాలంటీర్లంతా వచ్చి సాయంత్రానికల్లా మొత్తం క్లీన్ చేసేస్తాం" అన్నావు చూడు, దానికే నాకు గుండె దడ మొదలైంది. పోయినదానికి ఇన్సూరెన్స్ దగ్గరా, ఫెమా (విపత్తుల్లో సాయమిచ్చే ఫెడరల్ సంస్థ) దగ్గరా డబ్బు అడగాలంటే ముందు ఏం చేయాలో రాశాను, శనివారం లోపల ఈ ఉత్తరం చదువు.

2021 ఫిబ్రవరి మంచు తుపాను నీకు గుర్తుండే ఉంటుంది. 16వ తేదీన డాలస్ ఎయిర్‌పోర్టులో మైనస్ 2 ఫారెన్‌హీట్. అప్పుడు మా గుడికి ట్రెజరర్‌ని నేనే. కరెంటు లేనన్నాళ్లూ గొట్టాల్లో మంచు బిగుసుకుని ఊరుకుంది. ఎండ కాసి మంచు కరిగేసరికి వంటగది మీద స్ప్రింక్లర్ పైపు బద్దలైంది. ఫోన్ చేస్తే 60 మంది దాకా వచ్చారు. టవళ్లు, పాత పంచెలు, అన్నదానం గంగాళాలు, ఏది చేతికందితే దానితో నీళ్లు తోడారు. పొద్దుగూకేలోపు కార్పెట్ చుట్టలూ నానిన షీట్‌రాకూ (గోడలకి కొట్టే బోర్డులు) చెత్త డంప్‌స్టర్లో పడ్డాయి. నేల తళతళలాడింది. అందరం పులిహోర తిని గ్రూప్ ఫొటో దిగాం. ఆ ఫొటోలో శుభ్రమైన హాలు ఉంది, నవ్వుతున్న మేమున్నాం. నష్టం కనిపించే ఫొటో మాత్రం ఒక్కటి లేదు. ఎవరెవరు ఎన్ని గంటలు పనిచేశారని అడిగితే నా దగ్గర ఉన్నది ప్రసాదం చీటీ వెనక గీసుకున్న "శని – 60 మంది, సుమారు" అనే ఒక్క ముక్క. నష్టం లెక్కగట్టడానికి వచ్చిన ఇన్సూరెన్స్ అడ్జస్టర్ ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికే ఇచ్చేశాడు. నవ్వినా కాస్త బాగుండేది.

అందుకని ముందు ఇద్దరు పిల్లల చేతికి ఫోన్లిచ్చి హాలంతా ఫొటోలు తీయించు. ప్రతి గదినీ గుమ్మంలోంచి ఒకటి, దగ్గరగా ఒకటి. నీటి మరక గోడ మీద ఎంత ఎత్తుకొచ్చిందో టేపు పెట్టి కొలిచి, ఆ టేపు కనిపించేలా తియ్యండి. పగిలిన గొట్టం ముక్కని ప్లంబరు తీసుకెళ్లకుండా చూసుకో, అది నీకు బంగారం. కార్పెట్ పారేసే ముందు జానెడు ముక్క కోసి దాచు, ఎన్ని చదరపు అడుగులు పోయిందో రాసుకో. నీళ్లు అలాగే ఉంచమని కాదు. పాడవకుండా ఆపాల్సిన బాధ్యత మనదే, రెండు రోజులు ఆగితే బూజు పడుతుంది, అప్పుడు మీరు అశ్రద్ధ చేశారంటారు. ఒక గంట ఫొటోలకి, తర్వాత గంగాళాలకి.

గుమ్మం దగ్గర బల్ల వేసి, కాస్త మొహమాటం లేని మనిషిని కూర్చోబెట్టు. పేరు, తేదీ, వచ్చిన టైము, వెళ్లిన టైము, ఎక్కడ ఏం పని చేశారు, సంతకం. ఎవరైనా సొంత జనరేటరో నీళ్లు లాగే పంపో తెస్తే అది ఎన్ని గంటలు నడిచిందో కూడా. మనవాళ్లు "దేవుడి పనికి హాజరేమిటండీ" అంటారు. అనుకోనీ. ఫెమా సొమ్ము వస్తే అది ఖర్చులో కనీసం 75 శాతం ఉంటుంది, మిగిలిన 25 మన వాటా. అత్యవసర పనుల్లో ఆ వాటా కింద ఈ సేవా గంటల్ని కట్టి చూపించవచ్చు. అదే పనికి మీ ఊళ్లో ఎంత కూలి ఇస్తారో ఆ లెక్కన. మా 60 మంది చెమట ఒక ప్రసాదం చీటీతో పోయింది, మీది పోనివ్వకు.

మా చిన్నప్పుడు ఇలా కాదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నష్టం రాసుకోడానికి గవర్నమెంటు వాళ్లే ఊళ్లోకి వచ్చారు. మా నాన్న వాళ్ల వెంట తిరుగుతూ ఎవరి పాక ఏదో, ఎవరి గొడ్డు పోయిందో చెప్పేవాడు. ఆ అలవాటు నాలోనూ ఉండిపోయింది. ఇక్కడ కూడా ఎవరో ఫైలు పట్టుకుని వస్తారనుకున్నాను. ఎవరూ రారు. అడగందే అమ్మైనా పెట్టదంటారే, ఆ అడగడానికే ఇక్కడ ఒక ఫారం ఉంటుంది.

ఆ ఫారం కంటే ముందు ఇంకో సంగతి. తుపాను వచ్చినంత మాత్రాన సాయం మొదలవదు. గవర్నర్ అడగాలి, ప్రెసిడెంట్ ఒప్పుకుని మేజర్ డిజాస్టర్ అని ప్రకటించాలి. అంత నష్టం జరిగిందని రాష్ట్రం లెక్క చూపించాలి. ఆ లెక్కకి ఒక కొలత ఉంది. 2023 ఆర్థిక సంవత్సరంలో మనిషికి 1 డాలరు 77 సెంట్లు. రెండు కోట్ల తొంభై లక్షల జనం ఉన్న మన టెక్సస్‌కి అది 5 కోట్ల డాలర్ల పైమాటే. ఊళ్ల రోడ్లు, కరెంటు స్తంభాలు, మనలాంటి సంస్థల నష్టం, అన్నీ కలిపి అక్కడికి చేరాలి. కాబట్టి సోమవారమే మీ కౌంటీ ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ ఆఫీసుకి ఫోన్ చేసి, మా గుడికి ఇంత నష్టం, ఎక్కడ రాయించాలి అని అడుగు. నీకు డబ్బు వస్తుందో రాదో తర్వాత సంగతి, నీ అంకె ఆ కుప్పలో పడాలి. తర్వాత ఓపిక పట్టాలి. 2023లో మీ ఆస్టిన్ చుట్టుపక్కల చెట్లన్నీ మంచు బరువుకి విరిగిపడ్డాయే, అది ఫిబ్రవరి మొదటి వారం. ప్రకటన వచ్చింది ఏప్రిల్ 21న.

ప్రకటన వచ్చాక దాన్ని పేరు చూసి కాదు, లోపల చదివి తెలుసుకో. మీ కౌంటీ ఉందా, ఏ కేటగిరీలు ఇచ్చారు. ఎ అంటే చెత్త తీయడం, బి అంటే అత్యవసర రక్షణ పనులు, సి నుంచి జి దాకా శాశ్వత మరమ్మతులు, అందులో బిల్డింగులది ఇ. 2021లో మన రాష్ట్రానికి మొదట రాష్ట్రమంతటా తెరిచింది బి ఒక్కటే. మా కమిటీలో ఒకాయన పేపర్లో హెడ్డింగు చూసి కొత్త సీలింగుకి కలర్ కూడా ఎంచేశాడు.

మీ కౌంటీ పేరు వచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోపల రిక్వెస్ట్ ఫర్ పబ్లిక్ అసిస్టెన్స్ వెయ్యాలి, నేను చెప్పిన ఫారం అదే, ఫెమా వాళ్ల గ్రాంట్స్ పోర్టల్ సైటులో. మన రాష్ట్రంలో దీన్ని నడిపేది టీడెమ్, అంటే టెక్సస్ డివిజన్ ఆఫ్ ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్. ఫెమా డబ్బు వాళ్ల చేతి మీదుగానే వస్తుంది, కాబట్టి వాళ్లతో మంచిగా ఉండు. కావలసిన కాగితాలు ఇప్పుడే ఒక ఫోల్డర్లో పెట్టు: లాభాపేక్ష లేని సంస్థ అని ఐఆర్ఎస్ (పన్నుల శాఖ) ఇచ్చిన 501సీ3 లెటరు, బైలాస్, బిల్డింగు దస్తావేజు, ఇన్సూరెన్స్ పాలసీ మొత్తం, మొదటి పేజీ మాత్రమే కాదు. శామ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ సైటులో యూఈఐ నంబరు తీసుకో, ఫెడరల్ డబ్బుకి సంస్థని గుర్తుపట్టే నంబరది. అది ఉచితం. డబ్బు కట్టమని ఏ సైటైనా అడిగితే అది దొంగ సైటు.

గుడికి ఇస్తారా అని అడిగావు. ఇస్తారు. ఒకప్పుడు పూజలే ప్రధానమైన చోటికి ఇచ్చేవారు కాదు. హార్వీ తుపాను తర్వాత 2018లో ఫెమా పాలసీ మారింది, ఆ ఫిబ్రవరిలో కాంగ్రెస్ చట్టంలోనూ పెట్టింది. ఇప్పుడు గుడీ చర్చీ మసీదూ కమ్యూనిటీ సెంటర్ల వరసలోనే ఉంటాయి. తలుపు అందరికీ తెరిచి ఉండాలి, అంతే. మీరు బిల్డింగు కొన్నారు కాబట్టి గొడవ లేదు. అద్దె షెడ్డులో నడుస్తున్న గుళ్లకి మాత్రం చిక్కు. రిపేర్లు అద్దెకున్నవాళ్లవే అని లీజులో రాసి ఉంటేనే అడగగలరు. మీ పక్క ఊరి బాలాజీ గుడివాళ్లు నీకు ఫ్రెండ్సేగా, లీజు తీసి చూసుకోమను.

మనలాంటి వాళ్లకి ఇంకో మెలిక ఉంది. ఆసుపత్రులు, కరెంటు కోఆపరేటివ్‌లు, స్కూళ్ల లాంటివి నేరుగా ఫెమాకి వెళ్లొచ్చు. గుళ్లూ కమ్యూనిటీ హాళ్లూ శాశ్వత మరమ్మతులకి ముందు ఎస్‌బీఏలో, అంటే చిన్న వ్యాపారాల ఫెడరల్ సంస్థలో, డిజాస్టర్ లోన్‌కి అప్లై చేయాలి. వాళ్లు కాదన్నది, లేదా వాళ్ల లోనుకి మించినది ఫెమా చూస్తుంది. "మాకు అప్పొద్దు, గ్రాంటే కావాలి" అని ఎస్‌బీఏ మెట్టు దాటేసి వెళ్లిన కమిటీలు ఉన్నాయి, తిరిగొచ్చాయి. నీళ్లు తోడించడం, టార్పాలిన్ కప్పడం లాంటి అత్యవసర పనులకి ఈ మెట్టు లేదు.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ అన్నిటికంటే ముందు. వాళ్లిచ్చినది తీసేశాకే ఫెమా లెక్క మొదలవుతుంది, ఒకే నష్టానికి రెండు చోట్ల డబ్బు కుదరదు. ఇది విరాళాలకీ వర్తిస్తుంది. ఇప్పటికే మీ గ్రూపుల్లో ఎవరో "హాలు సీలింగు రిపేరుకి చేయూతనివ్వండి" అని ఫండ్‌రైజర్ మొదలుపెట్టి ఉంటారు. ఫలానా రిపేరుకే అని ఇచ్చిన సొమ్ముని ఫెమా తన లెక్కలోంచి కోసేస్తుంది. గుడి మామూలు ఖర్చులకి ఇచ్చిన దాని జోలికి రాదు. దాచమని చెప్పడం లేదు, దాస్తే అంతకంటే పెద్ద తలనొప్పి. ఏ మాటతో అడుగుతున్నామో ముందే కూర్చుని ఆలోచించుకుని, దాతలకి అదే నిజం చెప్పండి.

ఇప్పుడు నన్ను ఇప్పటికీ సలిపే విషయం. ఆ 2021 చలిలో హాలు పగలకముందు, మా దగ్గర కరెంటు ఉన్న మూడు రోజులూ తలుపులు తెరిచేశాం. మనవాళ్లే కాదు, ఎదురు అపార్టుమెంట్లలో మెక్సికన్ కుటుంబాలు, ఆక్సిజన్ మెషిన్‌తో వచ్చిన ఒక ముసలావిడ. పెద్దమ్మా వాళ్లూ పగలూ రాత్రీ ఉప్మా, పప్పన్నం వండుతూనే ఉన్నారు. ఒక సిటీ ఉద్యోగి ఫోన్ చేసి "ఇంకో పదిమందిని పంపొచ్చా" అని అడిగాడు, పంపమన్నాం. తర్వాత ఆ ఖర్చు అడిగితే ఒక ఆఫీసులో చక్కగా కూర్చోబెట్టి చెప్పారు: ఆశ్రయం ఇవ్వడం లోకల్ గవర్నమెంటు బాధ్యత. సిటీ తరఫున మీరు చేసినట్టు రాతపూర్వకంగా ఒప్పందం ఉంటే సిటీ క్లెయిమ్ చేసుకుని మీకిచ్చేది. మీ అంతట మీరు చేసింది దానధర్మం. కాగితం ఉందా? ఫోన్ కాల్ ఉంది, కాగితం లేదు.

డబ్బు కోసం చేశామా, లేదు. మళ్లీ అలాంటి రోజొస్తే తలుపు తెరవకుండా ఉంటామా, ఉండం. కానీ ఆ ఒక్క పేజీ ఉంటే గ్యాసు, జనరేటరు డీజిలు ఖర్చైనా తిరిగొచ్చి, ఆ ఏడు పిల్లల తెలుగు బడికి హీటరు మార్చేవాళ్లం. మీకు ఎండలు ముదిరే లోపు సిటీ వాళ్ల దగ్గరికి వెళ్లి, వచ్చే చలికాలానికి వార్మింగ్ సెంటర్‌గా (చలికి జనం తలదాచుకునే చోటు) హాలు ఇస్తామని ఎంఓయూ, అంటే ఒప్పంద పత్రం, రాయించుకో. సిటీకీ అది లాభమే. మీ వాలంటీర్ల గంటల్ని వాళ్ల 25 శాతం వాటాలో చూపించుకోవచ్చు. ఆ మాట నువ్వే చెప్పు, చిన్న ఊళ్లలో చాలామందికి తట్టదు.

కాంట్రాక్టర్ విషయంలో కాస్త గట్టిగా ఉండు. "మన అబ్బాయే, వర్క్ బాగా చేస్తాడు, ఖర్చు మీద పది శాతం ఇచ్చేద్దాం" అంటారు. ఖర్చు మీద శాతం అనే కాంట్రాక్టు ఫెడరల్ డబ్బుకి పనికిరాదు. కమిటీ మెంబరు కంపెనీకి పని ఇవ్వడం అసలే వద్దు, ఎంత మంచివాడైనా. మూడు కొటేషన్లు తీసుకుని, ఎందుకు ఎవరిని ఎంచుకున్నామో మినిట్స్‌లో రాయండి. శాశ్వత పని మొదలుపెట్టే ముందు ఫెమా వాళ్ల పర్యావరణ పరిశీలన అయిందో లేదో కూడా అడుగు. విరిగిన కొమ్మల సంగతంటావా, పార్కింగ్ లాట్‌లోవి మనమే చూసుకోవాలి. రోడ్డు పక్కకి ఎప్పుడు చేర్చాలో సిటీ చెబుతుంది, వాళ్లు ఎత్తుకెళ్లడం వాళ్ల కేటగిరీ ఎ.

మిగతా గడువులు ఫ్రిజ్ మీద అంటించుకో. ఫెమా వాళ్లతో మొదట కూర్చుని నష్టాలు మాట్లాడుకునే స్కోపింగ్ మీటింగ్ అయ్యాక నష్టాల జాబితా మొత్తం ఇవ్వడానికి 60 రోజులు. అత్యవసర పనులు ప్రకటన నుంచి 6 నెలల్లో, శాశ్వత పనులు 18 నెలల్లో. కాదంటే అప్పీలుకి 60 రోజులు. ఫైలు మూసిన తర్వాత కూడా మూడేళ్లు కాగితాలు పారెయ్యకు. అప్పటికి ట్రెజరర్ మారిపోతాడు, కాబట్టి నీ లాప్‌టాప్‌లో కాదు, గుడి పేరున్న డ్రైవ్‌లో పెట్టు. మా కాగితాలు ఒకాయన హైదరాబాద్ తిరిగి వెళ్లిపోతూ తన పాత ఈమెయిల్‌తో సహా పట్టుకుపోయాడు.

హాజరు షీటు ఒకటి గీసి దీంతో పంపుతున్నాను, 50 ప్రింట్లు తీయించు. పెన్నులు కూడా పెట్టించు, మనవాళ్ల జేబుల్లో ఫోన్లుంటాయి గానీ పెన్నులుండవు. శుక్రవారం రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తాను, ఇన్సూరెన్స్ పాలసీ ముందు పెట్టుకుని కూర్చో, పేజీ పేజీ చూద్దాం. అల్లుడుగారిని గ్లవ్స్ లేకుండా ఆ సీలింగు ఇన్సులేషన్ ముట్టుకోవద్దని చెప్పు.

ఇట్లు,
నీ పెదనాన్న